పూత రాకముందే తోట చెప్పే 5 గుర్తులు: ఈ ఏడు మామిడి మీద ఆశ పెట్టుకోవచ్చా?



సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచి నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకటే ప్రశ్న. "తమ్ముడూ, మందులు మానేసి రెండేళ్ళయింది. ఈసారైనా పూత వస్తుందా? వస్తుందో రాదో ముందే ఎలా తెలుసుకోవాలి?"

ఈ ప్రశ్న వెనకాల ఉన్న భయం నాకు బాగా తెలుసు. ఎందుకంటే ఈ డిసెంబర్‌లో నేను కూడా అదే భయంతో ఉన్నాను. మాది పాయకరావుపేట. తాండవ నది దాటితే తుని, కాకినాడ జిల్లా. ఇటు మా అనకాపల్లి జిల్లా. తమలపాకు తోటలకి, మామిడికి, జీడికి, కొబ్బరికి పేరున్న ప్రాంతం. మా నాన్న పెట్టిన 3 ఎకరాల మామిడి తోటలో 110 చెట్లున్నాయి. బంగినపల్లి, సువర్ణరేఖ ఎక్కువ, కొత్తపల్లి కొబ్బరి, పంచదార కలశ కొన్ని. నేను ప్రకృతి వ్యవసాయంలోకి మార్చాక రెండేళ్ళు వరసగా కాపు పడిపోయింది. మొన్న దసరాకి ఇంట్లో కూర్చుని ఒక మాట అనుకున్నాం. ఈ ఏడు కూడా పూత రాకపోతే తోట కొట్టేసి సరుగుడు వేసేద్దామని. నాన్న గట్టిగా ఏమీ అనలేదు. "నీ ఇష్టంరా, చెట్లు నావి, చదువు నీది" అన్నారు. ఆ మాట తిట్టు కంటే ఎక్కువ తగిలింది.

అందుకే ఈ ఏడు తోటలోకి వెళ్ళిన ప్రతిసారీ పూత కోసం కాదు, పూత రావడానికి ముందు వచ్చే గుర్తుల కోసం వెతికాను. ఆ గుర్తులే ఈ వ్యాసం. వీడియోలో చెట్టు దగ్గర నిలబడి చూపించాను. మాటల్లో చెప్పాల్సిన కారణాలు అందులో ఇమడలేదు, అవి ఇక్కడ రాస్తున్నాను.

మామిడి చెట్టు పంచాంగం చూడదు

పంచాంగం ప్రకారం వసంతం అంటే చైత్ర, వైశాఖాలు. ఉగాదితో మొదలు. కానీ ఉగాది పచ్చడిలోకి మామిడికాయ ముక్క కావాలంటే, ఆ కాయ అప్పటికే చెట్టు మీద ఉండాలి కదా! అంటే చెట్టుకి వసంతం పుష్యమాసంలోనే మొదలైపోయింది అన్నమాట. మనం దుప్పటి కప్పుకుని చలి అంటున్న రోజుల్లోనే కొమ్మ చివర పని జరుగుతూ ఉంటాది.

ఆ పని ఏంటో తెలిస్తే మిగతా అంతా సులువు. మామిడి కొమ్మ చివర ఉండే మొగ్గ ముందే "నేను పువ్వు" అని రాసుకుని ఉండదు. అది ఆకు చిగురూ కావచ్చు, పూగుత్తీ కావచ్చు. ఏది కావాలన్నది మూడు విషయాలు తేలుస్తాయి. ఒకటి, ఆ కొమ్మకున్న ఆకులు బాగా ముదిరి ఉండాలి. రెండు, రాత్రులు చల్లబడాలి, 15 డిగ్రీల దగ్గరకి వస్తే చాలా మంచిది. మూడు, నేల ఆరి, చెట్టు ఎదగడం ఆపి కొంచెం విశ్రాంతిలో ఉండాలి.

మనకి ఇబ్బంది రెండో దానితోనే. మనం సముద్రానికి దగ్గర. లంబసింగిలో మంచు కురిసే రోజుల్లో కూడా మా పెంటకోట గాలి వెచ్చగానే ఉంటుంది. రాత్రి చలి సరిపోనప్పుడు చెట్టు మొదటి దాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. అంటే కొమ్మ వయసు. చివరి చిగురు వచ్చి నాలుగైదు నెలలు దాటిన కొమ్మ, చలి తక్కువైనా పూతకి వెళ్ళగలదు. లేత కొమ్మ వెళ్ళదు, మళ్ళీ ఆకే వేస్తుంది. కోస్తా మామిడి రైతు గుర్తు పెట్టుకోవాల్సిన ముఖ్యమైన మాట ఇదే.

నా రెండేళ్ళు ఎలా పోయాయంటే

గుర్తులు చెప్పేముందు నా తప్పు చెప్పేస్తాను. మొదటి ఏడాది ఉత్సాహం ఎక్కువ. ద్రవ జీవామృతం ఎంత ఇస్తే అంత మంచిదనుకున్నాను. నవంబర్, డిసెంబర్‌లలో కూడా నీళ్ళతో కలిపి పాదులకి వదిలేను. చెట్లు పచ్చగా నవనవలాడాయి. డిసెంబర్ ఆఖరికి తోటంతా రాగి రంగు చిగురు. ఫోటోలు తీసి అందరికీ పంపేను కూడా. మా నాన్న చూసి, "చిగురు బాగుందిరా, ఉగాదికి చిగురు పచ్చడి చేసుకుందాం" అన్నారు. అప్పుడు అర్థం కాలేదు. ఆ చిగురే నా పూతని తినేసింది. ఆరాల్సిన టైమ్‌లో చెట్టుకి నీళ్ళు, తిండి ఇచ్చి నిద్ర చెడగొట్టేను.

రెండో ఏడాది నేను ఇవ్వలేదు, వాన ఇచ్చింది. నవంబర్‌లో వాయుగుండం వానలు పడ్డాయి. మళ్ళీ చిగురు, పూత ఆలస్యం, వచ్చిన కొంచెం పూత ఎండకి మాడింది.

ఇందులో ప్రకృతి వ్యవసాయం తప్పు ఎంత? నిజం చెప్పాలంటే మొదటి ఏడాది తప్పు నాది, రెండోది వాతావరణానిది. కానీ ఊళ్ళో అందరూ "మందులు మానేసేడు, కాపు పోయింది" అన్నారు. కారణం తెలుసుకోకపోతే మనం కూడా అదే నమ్మేసి వెనక్కి వెళ్ళిపోతాం.

ఇక్కడ జపాన్ రైతు ఫుకువోకా గారి సంగతి ఒకటి గుర్తొస్తుంది. "గడ్డిపరకతో విప్లవం" చదివిన వాళ్ళకి తెలుసు. ఆయన మొదట్లో తండ్రి నారింజ తోటని కత్తిరింపులు లేకుండా అలాగే వదిలేశారు. కొమ్మలు చిక్కుపడి, పురుగు పట్టి, తోట ఎండిపోయింది. వదిలేయడం వేరు, ప్రకృతి వ్యవసాయం వేరు అని ఆయన నేర్చుకున్నది ఆ చెట్లు పోయాకే. అంత పెద్దాయనకే తండ్రి తోటలో దెబ్బ తగిలింది. మనకి తగిలితే ఆశ్చర్యం ఏముంది?

ఈ ఏడు ఏం మార్చేను? కాయ కోత అయ్యాక జూన్, జూలైలోనే ఎండు కొమ్మలు తీసి, చెట్టు నడుమ గాలి, వెలుతురు పడేలా కత్తిరించాను. దాంతో చిగురు జూలై, ఆగస్టుల్లోనే వచ్చేసింది. వానాకాలం మొత్తం చెట్ల మధ్య నవధాన్యాలు చల్లి, పూతకొచ్చాక కోసి పాదుల్లో పరిచేను. ఘన జీవామృతం, ద్రవ జీవామృతం అక్టోబర్ మొదటి వారంతో ఆపేశాను. ఆ తర్వాత నీటి చుక్క లేదు. డిసెంబర్‌లో మోటర్ దగ్గరికి వెళ్ళకుండా ఉండటమే నేను చేసిన కష్టమైన పని.

ఇక గుర్తులు.

గుర్తు 1: ఆకు చప్పుడు

డిసెంబర్ రెండో వారంలో కొమ్మ చివరి ఆకు ఒకటి కోసి పిడికిట్లో నలపండి. మెత్తగా ముడుచుకుంటే ఇంకా లేత. కరకరమని విరిగితే ముదిరింది. రంగు కూడా చూడండి. లేత ఆకు పచ్చ నుంచి ముదురు ఆకుపచ్చకి వచ్చి, మెరుపు తగ్గి తోలులా ఉండాలి. ఇది చెట్టు కడుపు నిండిందన్న గుర్తు. పూతకి కావలసిన పిండి పదార్థం అంతా ఈ ఆకులే తయారు చేసి కొమ్మలో దాచి పెడతాయి.

ఒకే చెట్టులో తూర్పు వైపు ముదిరి, పడమర వైపు లేతగా ఉండొచ్చు. అందుకే మామిడిలో ఒక వైపు పూత, ఇంకో వైపు చిగురు చూస్తుంటాం. కంగారు పడక్కర్లేదు.

గుర్తు 2: మొగ్గ ఆకారం

ఇది అసలైన గుర్తు. కొమ్మ చివర మొగ్గ సన్నగా, సూదిలా, పొడుగ్గా ఉంటే ఆకు చిగురుకి వెళ్ళే అవకాశం ఎక్కువ. లావుగా, గుండ్రంగా ఉబ్బి, పొలుసులు కొంచెం విడుతున్నట్టు ఉంటే పూత. మొదట్లో తేడా పట్టుకోవడం కష్టమే. ఒక వారం రోజులు అదే కొమ్మని చూస్తే కన్ను అలవాటు పడిపోతుంది. కొమ్మకి ఎర్ర దారం కట్టుకోండి, లేకపోతే రేపు ఏ కొమ్మ చూశామో మర్చిపోతాం.

మొగ్గ ఉబ్బిన దగ్గర్నుంచి నిండు పూత రావడానికి దాదాపు నెల పడుతుంది. అంటే జనవరి మొదట్లో మొగ్గ చూసిన వాడికి ఫిబ్రవరి మొదట్లో పూత. ఈ నెల రోజుల ముందస్తు కబురు రైతుకి చాలా విలువైనది. ఎందుకో కింద చెప్తాను.

మా తోటలో మొదట ఉబ్బింది ఏ చెట్టో తెలుసా? ఎప్పుడో తుఫాను గాలికి పక్కకి ఒరిగిపోయి, నాన్న వెదురు ఊతం పెట్టి నిలబెట్టిన సువర్ణరేఖ చెట్టు. జనవరి 4న చూశాను. నాకు నమ్మకం కుదరక మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు.

గుర్తు 3: పాదులో తేమ, ఎర్రలు

జనవరి అంటే మనకి పొడి కాలం. పాదులో పరిచిన గడ్డి, ఆకు పొర ఎత్తి చూడండి. కింద మట్టి చల్లగా, కొంచెం తడిగా తగులుతుందా? గుళికలు గుళికలుగా ఎర్రలు వదిలిన మట్టి కనబడుతుందా? తెల్లటి దారాల్లాంటి బూజు ఆకుల్ని పట్టుకుని ఉందా? ఇవి ఉన్నాయంటే నేలలో పని ఆగలేదు.

ఇప్పుడు మీకు డౌట్ రావాలి. నేల ఆరాలన్నావు, మళ్ళీ తడి ఉండాలంటావేంటి? రెండూ నిజమే. చెట్టు కొత్త చిగురు వేసేంత నీళ్ళు ఉండకూడదు. వేళ్ళు చచ్చిపోయేంత ఎండా ఉండకూడదు. ఆచ్ఛాదన చేసే పని ఇదే, నీరు పెట్టకుండానే పైపొరని బతికించి ఉంచుతుంది. పక్క తోటలో గట్టిపడి నెర్రెలు విచ్చిన నేలని, మా పాదు మట్టిని వీడియోలో పక్కపక్కన పెట్టి చూపించాను. ఏడాది పొడవునా నేల కప్పి ఉంచాలని రైతు సాధికార సంస్థ వాళ్ళ ప్రకృతి వ్యవసాయ శిక్షణల్లో పదే పదే చెప్పేది ఇందుకే.

మూడేళ్ళ క్రితం ఈ పాదుల్లో ఒక్క ఎర్ర కూడా కనబడేది కాదు. పూత రాని రెండేళ్ళలోనూ ఇది మాత్రం పెరుగుతూనే వచ్చింది. నేను అప్పుడు పైకి చూస్తూ ఏడ్చేను గానీ కిందకి చూడలేదు.

గుర్తు 4: తోటలో ఎగిరేవి, పాకేవి

మామిడి పూతకి తేనెటీగ ఒక్కటే దిక్కు అనుకుంటాం. నిజానికి మామిడిలో ఎక్కువ పని ఈగలు చేస్తాయి. మామూలు ఈగలు, నీలం రంగు ఈగలు, తేనెటీగలా చారలుండి గాలిలో ఒకే చోట నిలబడి ఎగిరే ఈగలు. తైవాన్ మామిడి రైతులైతే చేపల వ్యర్థాలు పెట్టి మరీ తోటలో ఈగల్ని పెంచుకుంటారు. మాకు పెంటకోట రేవు పక్కనే ఉంది. మీనామృతం కోసం తెచ్చిన చేపల తలలు, తోకలు కొన్ని మిగిల్చి తోట నాలుగు మూలలా చిల్లుల డబ్బాల్లో పెట్టేను. వాసన గురించి ఇంట్లో వాళ్ళు ఏమన్నారో ఇక్కడ రాయను. ఇంటికి దూరంగా పెట్టండి.

చారల ఈగలు మొగ్గ దశలోనే తోటలో తిరుగుతుంటే చాలా మంచిది. వాటి పిల్ల పురుగులు పేనుబంకని తింటాయి. అలాగే ఆకులు కుట్టి గూళ్ళు కట్టే ఎర్ర చీమలు. కోసేటప్పుడు కరుస్తాయని మనం గూళ్ళు తగలబెట్టేస్తాం. కానీ జీడిమామిడిలో టీ దోమని, మామిడిలో చాలా రకాల పురుగుల్ని ఇవి అదుపులో పెడతాయి. ఒక చెడు కూడా ఉంది, పిండినల్లిని, పొలుసు పురుగుల్ని ఇవే కాపలా కాసి పెంచుతాయి. కాబట్టి గూళ్ళు ఉంచండి, పిండినల్లి ఉన్న కొమ్మ మాత్రం కత్తిరించి తీసేయండి.

చెవి కూడా వాడండి. పొద్దున్నే చెట్టు కిందకి వెళ్ళి కొమ్మ ఊపితే చిటపటమని సన్న వాన పడినట్టు చప్పుడు వస్తే అవి తేనెమంచు పురుగులు. అది మంచి గుర్తు కాదు, హెచ్చరిక. మొగ్గ దశలోనే పట్టుకోవాలి.

గుర్తు 5: చుట్టూ ఉన్న చెట్ల కబురు

మన తోట ఒక్కటే చూస్తే మోసపోతాం. చుట్టూ చూడండి. జీడి పూత మొదలైందా? పనస మొద్దు మీద బొటనవేలంత పిందెలు దిగాయా? మునగ తెల్లబడిందా? బూరుగు ఆకులన్నీ రాల్చేసి ఎర్ర పూలు పెట్టిందా? ఆ తర్వాత మోదుగ వస్తుంది, వేప ఆకు రాల్చి కొత్త చిగురు తొడుగుతుంది, చివర్లో కానుగ.

వీటికి, మన మామిడికి పూత కారణాలు ఒకటి కావు. కాబట్టి బూరుగు పూసింది కాబట్టి మామిడి పూస్తుందని చెప్పలేం. కానీ ఈ చెట్లు ఒకదాని తర్వాత ఒకటి పూయడం వల్ల తేనెటీగలకి, ఈగలకి తిండి తెగిపోదు. మన పూత వచ్చేసరికి అవి తోటలోనే ఉంటాయి. గట్టు మీద మునగ, అవిసె, కానుగ ఉన్న తోటకి, ముళ్ళ తీగె తప్ప ఏమీ లేని తోటకి తేడా ఇక్కడే.

ఆశ కాదు, లెక్క

గుర్తులు చూసి సంబరపడితే సరిపోదు. లెక్కపెట్టాలి. నా పద్ధతి చాలా సులువు.

తోటలో పదింట ఒక వంతు చెట్లు తీసుకోండి. బాగున్నవి మాత్రమే ఏరుకోకండి, అంచున ఉన్నవి, బక్కవి కూడా ఉండాలి. ఒక్కో చెట్టుకి నాలుగు దిక్కులా, కంటి ఎత్తులో, దిక్కుకి 10 కొమ్మలు చూడండి. ఒక నోటుబుక్కులో మూడు గీతల కింద రాయండి: ఉబ్బిన మొగ్గ, నిద్రలో ఉన్న మొగ్గ, కొత్త చిగురు.

నేను 12 చెట్లు తీసుకున్నాను, అంటే 480 కొమ్మలు. నిరుడు జనవరి మూడో వారంలో ఉబ్బిన మొగ్గలు 118. ఈ ఏడు అదే వారంలో 271. సగం దాటింది. మొదట నేనే నమ్మక నాన్నని తీసుకెళ్ళి మళ్ళీ లెక్కపెట్టించాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, ఒక్కో కొమ్మ వంచి చూసి, రెండు వరసలు అయ్యాక, "చాల్లేరా, ఇంక లెక్కెందుకు, కనబడతంది కదా" అన్నారు.

కానీ ఒక జాగ్రత్త. మొగ్గ పూత కాదు, పూత పిందె కాదు, పిందె కాయ కాదు. ఒక్కో పూగుత్తిలో వందలు, వేలు పూలుంటాయి. అందులో ఎక్కువ మగ పూలే. పిందె కట్టగలిగే పూలు కొన్నే. వాటిలోనూ ఎక్కువ రాలిపోతాయి. వెయ్యి పూలకి ఒక కాయ నిలబడినా చెట్టు మోయలేనంత కాపు. కాబట్టి పూలు రాలుతుంటే గుండె రాలిపోనక్కర్లేదు. రాలడం చెట్టు లెక్కలో భాగమే.

గుత్త వాడు వచ్చేది కూడా ఇప్పుడే

నెల ముందు కబురు ఎందుకు విలువైనదో చెప్తానన్నాను. మన వైపు తోటలు పూత మీదే గుత్తకి వెళ్ళిపోతాయి. పూత చూసి రేటు కడతారు, అడ్వాన్సు ఇస్తారు, ఆ రోజు నుంచి తోట వాళ్ళది. ఏ మందు కొడతారో, ఎన్నిసార్లు కొడతారో మనకి అడిగే హక్కు ఉండదు. కొందరు వచ్చే ఏటి పూత కోసం పాదుల్లో పాక్లోబ్యూట్రజాల్ కూడా పోస్తారు. అది చెట్టు ఎదుగుదలని ఆపి పూతకి తోస్తుంది. నేలలో చాలా కాలం ఉండిపోతుంది. మూడేళ్ళు పెంచిన ఎర్రల పాదులో అది పోయిస్తే మనం చేసిన పనికి అర్థమేముంది?

మా తోటకి కూడా జనవరి ఆఖర్లో ఒకాయన వచ్చేరు. మొగ్గలు చూసేరు. "తమ్ముడూ, రెండేళ్ళు నష్టపోయావు, ఈ ఏడు నాకిచ్చేయ్, రేపే అడ్వాన్సు" అన్నారు. చెప్పిన మొత్తం నాకున్న అప్పులో సగానికి పైగా తీరుస్తుంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నిజంగా డబ్బు అవసరం ఉన్న రైతు ఇచ్చేస్తే నేను తప్పు పట్టను. నేను మాత్రం ఇవ్వలేదు. ఇవ్వకపోవడానికి ధైర్యం ఇచ్చింది నోటుబుక్కులోని 271 అన్న అంకె. ఆ లెక్క లేకపోతే ఆయన చెప్పిన రేటే గొప్పగా కనబడేది. "పూత ఇంకా రాలేదు కదా, ఎలా నమ్ముతావు?" అని అడిగేరు. నిండు పూతలో చూసి ఉంటే ఆయన రేటు ఇంకా పెంచేవారు. ఈ సంగతి మాత్రం మీరు మర్చిపోవద్దు. గుత్తకి ఇవ్వాలనుకున్నా సరే, మీ లెక్క మీ దగ్గర ఉంటే బేరం మీ చేతిలో ఉంటుంది. మందులు కొట్టకూడదన్న షరతు కాగితం మీద రాయించుకోండి.

మొగ్గ నుంచి పిందె దాకా: చేయాల్సినవి, చేయకూడనివి

మొగ్గ ఉబ్బినప్పుడు: తేనెమంచు పురుగు చప్పుడు ఉంటే నీమాస్త్రం. 100 లీటర్ల నీటికి 5 కిలోల వేపాకు ముద్ద, 5 లీటర్ల ఆవు మూత్రం, కిలో పేడ. 24 గంటలు ఉంచి, వడకట్టి, ఇంకేమీ కలపకుండా సాయంత్రం కొట్టండి. సాయంత్రం వేళల్లో తోటలో ఎండాకుల పొగ కూడా వేస్తాను, నాన్నల కాలం నాటి పద్ధతే.

కాడ సాగి పూలు విచ్చకముందు: బూడిద తెగులు రాకుండా పుల్ల మజ్జిగ. నేను వాడే లెక్క 100 లీటర్ల నీటికి బాగా పులిసిన మజ్జిగ 5 లీటర్లు. గుడ్డలో రెండుసార్లు వడకట్టండి, లేకపోతే నాజిల్ మూసుకుపోతుంది.

నిండు పూతలో: ఏమీ కొట్టొద్దు. కషాయం అయినా సరే వద్దు. మన ద్రావణాలు విషం కాకపోయినా, పూలు తడిస్తే పుప్పొడి పాడవుతుంది, ఈగలు దూరంగా పోతాయి. నీళ్ళూ పెట్టొద్దు.

పిందె బఠాణీ గింజంత అయ్యాక: ఇప్పుడు నీళ్ళు మొదలు. ఒకేసారి ముంచేయకుండా, మొదటి తడి పలచగా, తర్వాత మెల్లగా పెంచుతూ. ఇన్నాళ్ళూ ఎండిన చెట్టుకి ఒక్కసారిగా నీళ్ళు పెడితే పిందె రాలిపోతుంది. రెండో తడి నుంచి ద్రవ జీవామృతం. 200 లీటర్ల నీరు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి, 48 గంటలు. బెల్లం మన అనకాపల్లి నల్ల బెల్లం చాలు. తెల్లగా మెరిసే బెల్లం కోసం ఎక్కువ డబ్బులు పెట్టకండి, అందులో హైడ్రోస్ ఉంటుంది.

మంచు పట్టిన 3 రోజులు

ఇంతా చెప్పి నా తోటలో జరిగింది దాచకూడదు. ఫిబ్రవరి మొదటి వారంలో, పూత సగం విచ్చిన టైమ్‌లో, 3 రోజులు వరసగా పొగమంచు పట్టింది. ఎండ ఎనిమిదిన్నర దాకా రాలేదు. నాలుగో రోజుకి ఉత్తరం వైపు చెట్ల పూగుత్తుల మీద తెల్లటి పొడి. బూడిద తెగులే.

పూలు విచ్చేశాయి, కొట్టకూడదు. కొట్టకపోతే పాకుతుంది. నేను ఏం చేశానంటే, బాగా పట్టిన గుత్తుల్ని కత్తిరించి సంచిలో వేసి తోట బయట పూడ్చేశాను. ఇంకా విచ్చని గుత్తులున్న కొమ్మల వరకే, ఎండ పడ్డాక, పుల్ల మజ్జిగ కొట్టేను. 110 చెట్లలో 14 చెట్ల పూత దాదాపు పోయింది. మిగతావి నిలబడ్డాయి. చెట్టు నడుమ గాలి ఆడేలా జూన్‌లో బాగా కత్తిరించిన వరసల్లో తెగులు చాలా తక్కువ. సోమరితనంతో వదిలేసిన ఉత్తరం వరసలకే ఎక్కువ పట్టింది. వచ్చే జూన్‌లో ఏం చేయాలో అది చెప్పింది.

పోయిన 14 చెట్లలో కొన్నిటికి ఇప్పుడు పక్క మొగ్గల నుంచి చిన్న చిన్న రెండో పూత వస్తోంది. మామిడికి ఆ గుణం ఉంది, కొస గుత్తి పోతే కింద మొగ్గలు ప్రయత్నిస్తాయి. ఆ కాయ ఆలస్యంగా వస్తుంది, పచ్చడికైనా పనికొస్తుంది.

ఒక నోటుబుక్కు పెట్టుకోండి

జపాన్‌లో క్యోటో నగరంలో చెర్రీ చెట్లు ఎప్పుడు నిండుగా పూశాయో 9వ శతాబ్దం నుంచి లెక్కలున్నాయి. రాజుల డైరీల్లో, గుళ్ళ రికార్డుల్లో రాసుకున్నవే. ఆ తేదీలన్నీ కలిపి చూస్తేనే 2021లో మార్చి 26న పూసిన పూత అప్పటికి 1200 ఏళ్ళలో అన్నిటికంటే ముందు వచ్చిందని తెలిసింది. వాతావరణం మారుతోందని శాస్త్రవేత్తలు చెప్పడానికి ఆ పాత డైరీలు సాక్ష్యం అయ్యాయి.

మన నాన్నలకి, తాతలకి ఈ లెక్క బుర్రలో ఉంది, కాగితం మీద లేదు. "మా చిన్నప్పుడు పెద్ద పండక్కి పూత నిండిపోయేది" అంటారు. ఏ ఏడు, ఏ చెట్టు అంటే చెప్పలేరు. మీరు రాయండి. ఐదు తేదీలు చాలు: మొదటి ఉబ్బిన మొగ్గ, మొదటి విచ్చిన పువ్వు, బఠాణీ పిందె, మొదటి కోత, కోత తర్వాత మొదటి చిగురు. పక్కన వానలు, మంచు ఎప్పుడు పడ్డాయో ఒక ముక్క. మూడేళ్ళయితే మీ తోటకి ఏ పుస్తకంలోనూ దొరకని పంచాంగం మీ దగ్గర ఉంటుంది.

ప్రకృతి వ్యవసాయంలో మొదటి రెండు మూడేళ్ళు కష్టం అని అందరూ చెప్తారు. ఆ కష్టంలో మనిషిని నిలబెట్టేది భాషణలు కాదు. పాదులో ఒక ఎర్ర, కొమ్మ చివర ఒక లావు మొగ్గ, పుస్తకంలో ఒక అంకె. అవి నిజంగా ఉంటేనే ఆశ పెట్టుకోండి. లేకపోతే కారణం వెతకండి, చెట్టుని నరకడానికి ముందు ఒక్కసారి.

ఇది రాస్తున్న ఈ రోజుకి మా పిందె శనగగింజ సైజు దాటి బఠాణీ గింజంత అయింది. రేపు మొదటి తడి. కాయ చేతికి వచ్చేదాకా గాలివాన ఉంది, పండు ఈగ ఉంది, రేటు ఉంది. అప్పు ఇంకా అలాగే ఉంది. ఈ ఏడు గెలిచేశామని నేను చెప్పను.

కానీ సరుగుడు నారు మాట ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు. నిన్న సాయంత్రం తోట నుంచి వచ్చేసరికి మా నాన్న అరుగు మీద కూర్చుని, అటక మీద నుంచి దింపిన పాత చిక్కానికి కొత్త వల అల్లుతున్నారు. కోతకి ఇంకా రెండు నెలలు పైనే ఉంది. నేనేమీ అడగలేదు. పక్కన కూర్చుని దారం అందించాను.

పండు ఈగ ఎరలు ఇంట్లోనే ఎలా తయారు చేసుకోవాలో వచ్చే వీడియోలో చూద్దాం. ఈలోగా మీ తోటలో 40 కొమ్మలు లెక్కపెట్టండి. ఉంటాను.